సంతబాటల మీద పరుగు

అరకులో పరుగెత్తాలని వచ్చేవాళ్లు ముందు మంచి రోడ్డు ఎక్కడుందని అడుగుతారు. విశాఖ బీచ్ రోడ్డుకు అలవాటుపడ్డ కాళ్లకు అదే తోస్తుంది. ఈ మన్యంలో పరుగుకు తగిన దారులు మాత్రం తారు రోడ్డు రాకముందే పడ్డాయి. ఊరి నుంచి సంతకు, సంత నుంచి పోడు చేనుకు, చేను నుంచి గెడ్డకు బగతలు, కొండదొరలు, కోందులు, కొటియాలు, పోర్జలు, గదబలు తరతరాలుగా నడిచి వేసిన బాటలవి. ఎక్కడ ఎక్కాలో, ఎక్కడ వంక తిరగాలో, ఎక్కడ నిలబడి ఊపిరి తీసుకోవాలో ఆ బాటే చెబుతుంది. కొండమీద కదలడం ఒక విద్య. దాన్ని ఇక్కడివాళ్లు పుస్తకం లేకుండా, గురువు లేకుండా కాళ్లలోనే దాచుకున్నారు. పరుగుకు వచ్చేవాళ్లు ముందు ఆ విద్య నేర్చుకోవాలి.

ఇంగ్లండులోని లేక్ డిస్ట్రిక్ట్ కొండల్లో ఇలాంటి విద్యే క్రీడగా ఎదిగింది. అక్కడి కొండపరుగులో పెద్ద పేరు జాస్ నేలర్. ఆయన వృత్తి గొర్రెల పెంపకం. 1975లో ఒక్క పగలూ రాత్రిలో 72 శిఖరాలు చుట్టి వచ్చాడు. మందల వెంట తిరిగిన కాళ్లే ఆ బలాన్నిచ్చాయి. మన తూర్పు కనుమల్లో అలాంటి కాళ్లకు కొదవ లేదు. వాటిని గుర్తించే చూపే ఇంకా రాలేదు.

అరకు లోయ సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉంది. విశాఖ నుంచి 115 కిలోమీటర్ల దూరం. రైల్లో వస్తే కొత్తవలస-కిరండూల్ మార్గంలో ఎన్నో సొరంగాలు దాటాలి. దారిలో వచ్చే శిమిలిగుడ స్టేషన్ 996 మీటర్ల ఎత్తున ఉంటుంది. ఎత్తు పెరిగేకొద్దీ వేడి తగ్గుతుంది. వెయ్యి మీటర్లకు ఆరు డిగ్రీల తేడా అనుకోవచ్చు. ఉక్కపోత వదిలిపోతుంది కాబట్టి తీరంలో కంటే హాయిగా పరుగెత్తగలం. అయితే ఇక్కడ గాలి ఒత్తిడి తీరంతో పోలిస్తే పదోవంతు తక్కువ. చదునులో అది తెలియదు, ఎక్కుడు మొదలవగానే తెలుస్తుంది. అందుకే వచ్చిన రోజే కొండెక్కకుండా లోయలో మొదలుపెట్టడం మంచిది.

లోయలో తొలి దారి అరకు నుంచి డుంబ్రిగుడ వైపు, చాపరాయి దాకా. సుమారు 15 కిలోమీటర్లు. ఒకవైపుకు చాలు, తిరుగు ప్రయాణం ఆటోలో చేయవచ్చు. పెద్ద ఎక్కుళ్లు లేవు. వరి మడులు, చోడి చేలు, అక్కడక్కడా సిల్వర్ ఓక్ వరసలు. నవంబరు, డిసెంబరులో వస్తే వలిసె పూలు విచ్చి దారికి రెండు పక్కలా పసుపుపచ్చని చేలు కనిపిస్తాయి. వలిసెలు ఇక్కడివాళ్లు నూనె కోసం వేసే పంట. ఫొటో కోసం చేలోకి దిగితే తొక్కేది ఒక ఇంటి ఏడాది నూనెను. చాపరాయి దగ్గర గెడ్డ పెద్ద బండ మీద పరుచుకుని పలచగా పారుతుంది. పాతబాటలు నీటిని దాటేది ఇలాంటి చోట్లనే: లోతు లేని, కాలికింద రాయి ఉన్న చోట. వానాకాలంలో ఆ బండకు నాచు పడుతుంది, ప్రవాహం ఉన్నట్టుండి పెరుగుతుంది. అప్పుడు స్థానికులే అటు వెళ్లరు, మనమూ వెళ్లకూడదు.

రెండో దారి సుంకరమెట్ట నుంచి గాలికొండ మీదుగా అనంతగిరి వైపు. కాళ్లకు అసలు పాఠం ఇక్కడే. పొడవాటి చెట్ల నీడన కాఫీ మొక్కలు, ఆ చెట్లకు అల్లుకున్న మిరియం తీగలు. శీతాకాలంలో కాఫీ పండ్లు ఎర్రబడితే కోతకు వచ్చినవాళ్ల మాటలు తోటల్లోంచి వినిపిస్తాయి. ఘాట్ రోడ్డును చక్రాల కోసం వేశారు కాబట్టి అది వంకరలు తిరుగుతూ నెమ్మదిగా ఎక్కుతుంది. ఊళ్ల మధ్య అడ్డబాటలు కాళ్ల కోసం పడ్డవి కాబట్టి ఆ వంకరలను కోసుకుంటూ నిటారుగా పోతాయి. బాట వేసినవాళ్ల తెలివి గమనించాల్సింది. వాన నీరు పరుగెత్తే పల్లం వదిలేసి గట్టు వెంట తీసుకెళ్లారు. అందుకే ఎన్ని వానలు కురిసినా ఆ బాటలు కోతపడకుండా నిలిచాయి. సెలవు రోజుల్లో ఘాట్ రోడ్డు నిండా వాహనాలే కాబట్టి ఇక్కడ పరుగుకు మామూలు రోజుల్లో తెల్లవారుజామే అనువు.

ఈ కొండలు ఇలా పచ్చగా మిగలడం వెనుక పోరాటం ఉంది. అనంతగిరి మండలంలో బొర్రా చుట్టుపక్కల గిరిజన ప్రాంతాన్ని గనుల కంపెనీలకు లీజుకివ్వడం మీద సమతా సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు అలా లీజులివ్వడం చెల్లదని 1997లో తీర్పు వచ్చింది. ఇవాళ మన కాలికింద బాట ఉందంటే ఆ తీర్పుకూ, దానికోసం నిలబడ్డ ఊళ్లకూ అందులో భాగం ఉంది.

ఇక విద్య సంగతి. కావిడి మోస్తూ సంతకు దిగే మనిషి వెనకాల కాస్త దూరం నడిస్తే కొండపరుగు సూత్రాలన్నీ కళ్లకు కడతాయి. వెదురు బద్దకు రెండు కొసలా బరువు. అడుగు పెద్దదైతే బద్ద ఊపు ఒకవైపు, కాలి ఊపు ఇంకోవైపు అయి బరువు భుజాన్ని కొడుతుంది. అందుకే అడుగు చిన్నది, వేగంగా పడేది. బద్ద ఊపుకు తగ్గట్టే అడుగు పడుతుంది. భుజం మార్చాలంటే ఆగడు. మెడ కొద్దిగా వంచి, నడుస్తూనే బద్దను ఒక భుజం మీంచి ఇంకో భుజానికి దొర్లిస్తాడు. దిగుడులో మోకాళ్లు ఎప్పుడూ కొద్దిగా వంగే ఉంటాయి, మడమ నేలను గుద్దదు. తల మీద బుట్ట మోసే ఆడవాళ్లను చూడండి. నడుము కింద అంతా కదులుతుంది, తల మాత్రం కదలదు.

పరుగెత్తేవాళ్లు దీన్నే తమ కాళ్లలోకి తెచ్చుకోవాలి. ఎక్కుడులో అడుగు సగానికి తగ్గించాలి. ఊపిరి ఒకే తీరున నడిచేలా వేగాన్ని సర్దుకోవాలి. మరీ నిటారైతే చేతులు తొడల మీద ఆనించి నడవాలి. అక్కడ నడవడం ఓటమి కాదు, ఇక్కడివాళ్లు చేసేదీ అదే. దిగుడు తేలికని పొరపడకూడదు. ఒంటి బరువును ఆపుతూ దిగేటప్పుడు తొడ కండరాలు సాగుతూనే బిగుసుకుంటాయి. రెండో రోజు మెట్లు దిగలేకపోవడానికి కారణం అదే. చూపు పాదం మీద కాకుండా నాలుగు గజాల ముందుండాలి. వదులు రాయి కనిపిస్తే దానిమీద ఆగకుండా తేలిగ్గా దాటేయాలి.

తిండి కూడా ఇందులో భాగమే. పొలానికి పోయేవాళ్లు ఎండిన ఆనపకాయ బుర్రలో చోడి అంబలి పట్టుకెళ్తారు. పులిసిన పిండి, ఉప్పు, నీళ్లు. కడుపు బరువెక్కదు, దాహం తీరుతుంది, శక్తి నెమ్మదిగా అందుతూ ఉంటుంది. పరుగుకు ముందు గ్లాసెడు తాగి చూడండి, ఖరీదైన ఎనర్జీ జెల్ పొట్లాలతో పని ఉండదు.

మూడో దారి పాడేరు దగ్గరి వంజంగి. వాహనాలు ఆగే చోటు నుంచి కొండపైకి ఎక్కాలి. చలికాలం రాత్రుల్లో చల్లబడిన గాలి బరువెక్కి లోయలోకి దిగుతుంది. అందులోని తేమ మంచుగా పేరుకుంటుంది. పైన శిఖరం మాత్రం తేటగా ఉంటుంది. అందుకే తెల్లవారేసరికి కాలికింద మేఘాల సముద్రం, అందులోంచి దీవుల్లా తేలే కొండకొనలు. ఎండ ముదిరితే అన్నీ కరిగిపోతాయి. చీకట్లో ఎక్కేటప్పుడు తలకు కట్టుకునే లైటు, స్థానిక కుర్రాడి తోడు రెండూ ఉండాలి. దిగేటప్పుడు రాళ్లు తడిగా ఉంటాయి కాబట్టి అక్కడ పరుగు వద్దు.

నాలుగో దారి నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లి ఎక్కే ఘాట్. చలికి పేరుమోసిన ఈ దారికి చరిత్ర బరువు ఉంది. బ్రిటిష్ కాలంలో చింతపల్లి రోడ్డు పనికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ మన్యం జనాన్ని బలవంతంగా దించి, కూలి సరిగా ఇవ్వలేదు. ఆ కడుపుమంట 1922 మన్యం తిరుగుబాటుకు ఒక కారణం. ఆ ఏడాది ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి పోలీసు ఠాణాల మీద అల్లూరి సీతారామరాజు దళం వరసగా దాడి చేసింది. మూడు రోజుల్లో మూడు ఠాణాలు. సర్కారు దగ్గర తుపాకులు, రోడ్డు ఉన్నాయి. దళానికి బాటలు తెలుసు. అడవిలో కదలడం తెలిసిన కాళ్లు రెండేళ్లపాటు సామ్రాజ్యాన్ని తిప్పలు పెట్టాయి. ఈ ఘాట్ ఎక్కేవాళ్లు ఆ సంగతి తెలిసి ఎక్కాలి.

బాట అందాన్ని పొగిడేటప్పుడు ఒక నిజాన్ని దాటవేయకూడదు. మనం సరదాగా ఎక్కే ఇలాంటి నిటారు దారిలోనే నిండు చూలాలిని డోలీలో మోసుకొస్తారు. వానలో, చీకట్లో, అవే చిన్న అడుగులతో. రోడ్డు లేని ఊరికి రోడ్డు రావాల్సిందే. 2025 ఏప్రిల్‌లో డుంబ్రిగుడ మండలం పెదపాడులో మొదలైన ‘అడవితల్లి బాట’ రోడ్డు పనులు ఆ అవసరం కోసమే. రోడ్డు వస్తే బాట పాడవుతుందని బాధపడే హక్కు పరుగుకోసం వచ్చిన మనకు లేదు. అయితే రోడ్డు వచ్చాక కూడా బాటను బతికించవచ్చు. చేలకు, గెడ్డకు, పక్క ఊరికి దగ్గరి దారి ఇప్పటికీ అదే.

అందుకు పరుగెత్తేవాళ్లు చేయగలిగింది చాలా ఉంది. ఊరి మధ్యనుంచి వెళ్లేటప్పుడు వేగం తగ్గించి పలకరించాలి. గ్రామదేవత ఉన్న చెట్ల గుంపును చుట్టి పోవాలి. ఇటుకల పండగ రోజుల్లో ఆడవాళ్లు దారికి అడ్డంగా కర్ర కట్టి డబ్బులు అడుగుతారు. అది ఊరి వేడుక, నవ్వుతూ ఇచ్చి కదలాలి. దారి చూపిన కుర్రాడికి కూలి బేరమాడకుండా ఇవ్వాలి. నీళ్ల సీసా తిరిగి తీసుకెళ్లాలి. పరుగు పందెం పెట్టదలచినవాళ్లు అధికారుల అనుమతితో సరిపెట్టకుండా ముందు గ్రామసభ ముందు కూర్చోవాలి. 1996 పెసా చట్టం షెడ్యూల్డు ప్రాంతాల గ్రామసభలకు పెద్ద బాధ్యత అప్పగించింది. ఆ పందెంలో బయటివాళ్లతో సమానంగా ఇక్కడి పిల్లలూ ప్రవేశ రుసుము లేకుండా పరుగెత్తాలి. వాళ్ల తాతల కాళ్లలో ఉన్న విద్య వాళ్ల ఛాతీ మీద నంబరుగా, వాళ్ల మెడలో పతకంగా కనిపించిన రోజున ఈ బాటలకు మనం పడ్డ రుణంలో కొంతైనా తీరుతుంది.