బాటరీ నిర్దోషియా?

విద్యుత్ కార్ల చర్చ వచ్చినపుడెల్ల ఒక డాక్యుమెంటరీ చిత్రం ప్రస్తావనకు వస్తూ ఉంటుంది. క్రిస్ పెయిన్ దర్శకత్వంలో 2006లో అమెరికాలో విడుదలైన ఆ చిత్రం పేరు ‘హూ కిల్డ్ ది ఎలక్ట్రిక్ కార్?’ అనగా, విద్యుత్ కారును చంపినదెవరు అని. జనరల్ మోటార్స్ సంస్థ 1996లో తెచ్చిన ఇ.వి.1 కారు కథ ఇది. ఆ కారును సంస్థ అమ్మలేదు. అద్దె ఒప్పందం మీద మాత్రమే ఇచ్చినది. కొన్నేళ్ళకు వాటిని వెనక్కు తీసుకొని, చాలా వాటిని నుగ్గు చేయించినది.

చిత్రం ఈ ఉదంతాన్ని హత్యకేసుగా నడిపి, ముద్దాయిలను ఒక్కొక్కరినే విచారిస్తుంది. కార్ల కంపెనీలు, చమురు కంపెనీలు, ప్రభుత్వం, కాలిఫోర్నియా వాయు కాలుష్య నియంత్రణ మండలి, కొనుగోలుదారులు, హైడ్రోజన్ ఇంధన ఘటం: అందరూ దోషులే. బాటరీ ఒక్కటే నిర్దోషి! విజ్ఞాన శాస్త్రం చదివేవారు ఈ తీర్పును లెక్క కట్టి చూడవలసి ఉన్నది.

విద్యుత్ కారులో శక్తి బాటరీలో రసాయన రూపంలో ఉంటుంది. బాటరీ ఇచ్చే ఏకముఖ విద్యుత్తును ఒక సాధనం ఏకాంతర విద్యుత్తుగా మార్చి మోటారుకు అందిస్తుంది. ఇ.వి.1లో ఉన్నది మూడు దశల ప్రేరణ మోటారు. ఇటువంటి మోటారు తాను గ్రహించిన శక్తిలో దాదాపు తొమ్మిది పాళ్ళు చలనంగా మార్చగలదు. పెట్రోలు ఇంజను మార్చేది రెండు మూడు పాళ్ళే. తక్కినది వేడిగా పోతుంది.

ఇక బాటరీని తూచుదాం. తొలి ఇ.వి.1లోని సీసపు బాటరీ బరువు సుమారు 533 కిలోలు. అందులో నిలువ ఉన్న శక్తి 16.5 కిలోవాట్-గంటలు, అంటే మన ఇంటి మీటరు లెక్కలో 16.5 యూనిట్లు. ఒక లీటరు పెట్రోలులో సుమారు 9 యూనిట్ల శక్తి ఉన్నది. అర టన్ను దాటిన బాటరీ రెండు లీటర్ల పెట్రోలుకు సరితూగలేదు! అయినా ఆ కారు వంద కిలోమీటర్లకు పైగా నడిచినదంటే, ఆ ఘనత మోటారు దక్షతది, బాటరీది కాదు.

చిత్రం పక్షాన కూడ ఒక మాట చెప్పాలి. 1999 నాటి కార్లలో నికెల్-మెటల్ హైడ్రైడ్ బాటరీ అమర్చగా ప్రయాణ దూరం 160 నుండి 225 కిలోమీటర్లకు పెరిగినది. నిత్య ప్రయాణానికి అది చాలునన్న వాదం సబబైనదే. కాని, నిత్యావసరానికి చాలడం వేరు, పెట్రోలు కారుకు దీటు కావడం వేరు. చిత్రం ఈ రెంటినీ ఒకటిగా కలిపివేసినది.

నిర్వహణను గూర్చిన దృశ్యం మెచ్చదగినది. పెట్రోలు కారులో మార్చవలసిన భాగాలు ఎన్నో చూపి, విద్యుత్ కారుకు వాటి అవసరం లేదంటారు. ఇది నిజమే. ఇంజను ఆయిలు, స్పార్కు ప్లగ్గులు, పొగగొట్టం దీనికి లేవు. వేగం తగ్గించేటపుడు మోటారే జనరేటరుగా మారి గతిజ శక్తిని కొంత బాటరీకి తిరిగి పంపుతుంది గనుక బ్రేకులు కూడ తక్కువ అరుగుతాయి. కాని టైర్లు అరుగుతాయి. బ్రేకు ద్రవాన్ని మార్చాలి. అన్నిటికంటె ముఖ్యం, బాటరీకి వయసు మీరుతుంది. సీసపు బాటరీని మాటిమాటికి అడుగంటా వాడితే పలకల మీద సీసపు సల్ఫేటు గట్టిపడి దాని సామర్థ్యం తగ్గుతుంది. ఈ సంగతి లేనిదే నిర్వహణ పాఠం సగమే.

తరువాతి చరిత్ర కూడ చిత్రం తీర్పును బలపరచలేదు. విద్యుత్ కారు తిరిగి వచ్చినది. చమురు కంపెనీలు పోలేదు, కొనుగోలుదారులూ వారే. ప్రభుత్వ విధానాలు కొంత మారినవి. కాని మౌలికంగా మారినది ఘటంలోని రసాయనం. నేటి లిథియం-అయాన్ బాటరీ కిలోకు సుమారు 150 వాట్-గంటలు నిలువ చేస్తుందనుకుంటే, ఇ.వి.1 సీసపు బాటరీ చేసిన పనికి 110 కిలోలు చాలు. ఈ ఘటాన్ని రూపొందించిన గుడినఫ్, విట్టింగ్‌హామ్, యోషినో గార్లకు 2019లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం లభించినది. బాటరీ నిర్దోషియే అయితే, వీరి దశాబ్దాల శ్రమకు అర్థమేమి?

చిత్రం చూడదగినదే. కంపెనీలను, ప్రభుత్వాలను ప్రశ్నించే ధైర్యం విద్యార్థులకు అవసరం. అయితే ఉపాధ్యాయులు దీనిని చూపిన పిమ్మట నల్లబల్ల మీద పై లెక్క చేయించాలి. అనుమానించడం ఎవరికైనా సులభం. కొలిచి చూసి అనుమానించడమే శాస్త్రం నేర్పే విద్య.