పరుగుకు ముందు నిలుపుదల

స్పోర్ట్స్ కారును మెరుగుపరచగోరువారు మొదట ఇంజను శక్తిని పెంచి, టైర్లను, బ్రేకులను చివరకు తలచుకొందురు. ఈ వరుస తలక్రిందులైనది.

విద్యార్థులు లెక్కవేసి చూడవచ్చును. నార్కట్‌పల్లి వద్ద విజయవాడ రహదారిపై ఒక బర్రె అడ్డువచ్చినదనుకొందము. ఘర్షణ గుణకము 0.7 అయినచో, గంటకు 60 కిలోమీటర్ల వేగమున పోవు కారు బ్రేకు పడిన పిమ్మట సుమారు 20 మీటర్లలో ఆగును. 120 కిలోమీటర్ల వేగమునకు 80 మీటర్లు కావలెను. వేగము రెట్టింపైన, దూరము నాలుగు రెట్లగును. ఈ లెక్కలో ఇంజనుకు చోటే లేదు. టైరు రోడ్డును పట్టనిచో ఎంత మంచి బ్రేకైనను చక్రమును ఆపునే కాని కారును ఆపలేదు. అందుచే టైర్లు మొదటివి, బ్రేకులు రెండవవి.

పూర్వపు మహబూబ్‌నగర్ జిల్లాలోని అమ్రాబాదు అడవుల మీదుగా శ్రీశైలమునకు ఘాటురోడ్డు దిగునపుడు స్థితిజశక్తి బ్రేకులలో వేడిగా మారుచుండును. అచట అదనపు అశ్వశక్తి అక్కరకు రాదు. మలుపులలో చక్రములను నేలపై నిలుపు సస్పెన్షను మూడవది, ఇంజను కడపటిది.

పందెపు కార్లకు ఈ నియమము వర్తించదందురా? 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో జరిగిన ఫార్ములా-ఇ పందెపు విద్యుత్ కార్లను చూడుడు. వాని చోదకశక్తి గరిష్ఠముగా 350 కిలోవాట్లు. వేగము తగ్గునపుడు మోటార్లు తిరిగి గ్రహింపగలది 600 కిలోవాట్లు!

ఇంజను శక్తిని పెంచుట తప్పు కాదు. ముందుగా పెంచుటయే తప్పు. ఉపాధ్యాయులు వేగపు లెక్కతోపాటు ఆగు దూరపు లెక్కను కూడ నల్లబల్లపై వేయించుట మేలు.