లెక్క తప్పని చేతులు

నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్ ముగించి అమలాపురంలోని కిమ్స్ వంటి బోధనాసుపత్రి ఆపరేషన్ థియేటర్‌లో అడుగుపెట్టే నర్సుకు, పుస్తకంలో బొమ్మగా చూసిన ఆర్టరీ ఫోర్సెప్స్, అనగా తెగిన రక్తనాళాన్ని బిగించి పట్టే పరికరం, సర్జన్ అడిగీ అడగకముందే అందించవలసిన పనిముట్టుగా మారుతుంది. క్రిమిరహితమైన గౌను, గ్లౌజులు ధరించి పరికరాలు అందించే స్క్రబ్ నర్సు పనిలో అన్నిటికంటే గౌరవించదగినది లెక్క: కోతకు ముందు, కుట్లకు ముందు, చివరన గాజుగుడ్డలనూ సూదులనూ ఇద్దరు పైకి పలుకుతూ లెక్కిస్తారు; రాజోలు, కొత్తపేట వంటి ఊళ్ల నుంచి వచ్చిన గర్భిణికి సిజేరియన్ చేస్తున్నప్పుడు గర్భాశయాన్ని మూసేముందు మరొకమారు లెక్కించాలి. ఒక్కటి తగ్గినా, ఎంతటి అనుభవజ్ఞుడైన సర్జన్‌కైనా ఆ మాట చెప్పి ఆపవలసింది ఆ కొత్త నర్సే. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో వెలువరించిన శస్త్రచికిత్స భద్రతా పట్టిక, రోగి థియేటర్ దాటకముందే లెక్క సరిపోయిందని నర్సు నోటితో ధ్రువీకరించాలని నిర్దేశించింది.