లింగము లోకాశ్రయము — సమలింగానురాగ సాహిత్యవిమర్శ

పురుషునకుఁ బురుషునియందును, స్త్రీకి స్త్రీయందును గలుగు ననురాగమును వస్తువుగాఁ గొనిన రచనలు నేఁడు భారతదేశభాషలలోను, దేశాంతరభాషలలోను విరివిగా వెలువడుచున్నవి. వీనియెడఁ బండితులు చేయు నాక్షేపణములు ముఖ్యముగా రెండు. మొదటిది శబ్దవిషయము: భాషలోని లింగవ్యవస్థ యిట్టి వస్తువున కిముడదనుట. రెండవది రసవిషయము: ఇట్టి రతి యనౌచిత్యముచే రసాభాసమే యగును గాని రసము గానేరదనుట. ఈ రెండాక్షేపణములును శాస్త్రము పేరఁ జేయఁబడుచున్నవి గావున శాస్త్రముచేతనే పరీక్షింపఁదగియున్నవి.

ఇట్టి రచన లొక సంప్రదాయముగా నేర్పడిన తీరునకు ఫిలిప్పీను దేశము మంచి యుదాహరణము. అచ్చట 1994వ సంవత్సరమున జె. నీల్ గార్సియా, డాంటన్ రెమోటో యనువారు ‘లాడ్‌లాడ్’ అను సంకలనమును బ్రకటించిరి. టగాలోగు భాషలో నీ శబ్దమునకు ముడిచిన దానిని విప్పి పఱచుట యని యర్థము. కప్పుకొనిన యుత్తరీయమును విప్పుట యను నానుడినుండి, తన స్వభావమును దాఁచక వెల్లడించుట యను లాక్షణికార్థము పుట్టినది. దేశభాషారచనలును ఆంగ్లరచనలును జేరిన యీ సంకలనమునకు 1996లో రెండవ భాగమును, 2007లో మూఁడవ భాగమును వచ్చినవి. స్త్రీల రచనలతో ఆనా లియా సరాబియా సంపాదకురాలుగా ‘టిబోక్’ అను సంకలనము 1998లో వెలువడెను. ఆ పేరునకు గుండెచప్పుడని యర్థము. పిదప రెమోటో 2003లో ‘ఆంగ్ లాడ్‌లాడ్’ అను రాజకీయపక్షమును స్థాపించెను. నీతిబాహ్యమను కారణముచే ఎన్నికల సంఘము 2009లో దానిని నిరాకరింపఁగా, 2010వ సంవత్సరము ఏప్రిలులో నాదేశపు సర్వోన్నతన్యాయస్థాన మా నిరాకరణమును ద్రోసివేసెను. గ్రంథనామముగా వెలసిన శబ్దము న్యాయస్థానపు తీర్పునకు శీర్షిక యగుట యరుదైన విషయము.

ఆ భాషలో వైయాకరణులు గమనింపఁదగిన విశేషమొకటి కలదు. టగాలోగున ‘సియా’ యను ప్రథమపురుషసర్వనామ మొక్కటియే స్త్రీపురుషుల కిరువురకుఁ జెల్లును. కావున నాభాషాకవి తన ప్రియవ్యక్తి స్త్రీయో పురుషుఁడో తెలుపకయే యెంత దీర్ఘకావ్యమునైన నడపఁగలఁడు. అయినను ‘బక్లా’ యను శబ్దమును ఎత్తిపొడుపుగాఁ బ్రయోగించుట యాదేశమున లేకపోలేదు. దీనిచేఁ దేలున దేమనఁగా, సర్వనామమున లింగము లేనంతమాత్రమున సంఘమున సమదృష్టి కలుగదు. దోషము వ్యాకరణముది గాదు. అది యంతయు లోకముదే.

భారతదేశమున నిట్టి సంకలనము 1999లో వెలువడెను. దాని పేరు ‘యారానా’. సంపాదకుఁడు హోషంగ్ మర్చంట్. ఈయన గచ్చిబౌలిలోని హైదరాబాదు విశ్వవిద్యాలయమునఁ జిరకాల మాంగ్లసాహిత్యమును బోధించిన కవి. ఆ సంవత్సరముననే అశ్వినీ సుక్తంకర్ సంపాదకత్వమున స్త్రీల రచనలతో ‘ఫేసింగ్ ద మిర్రర్’ అను సంకలనమును వచ్చెను. గచ్చిబౌలికి సమీపముననే కోకాపేట యున్నది. ఒకప్పుడు పల్లెయైన యాచోట 2023లో జరిగిన వేలమున నెకరము నేల నూఱు కోట్ల రూపాయలకుఁ బైఁగాఁ బలికినది. పెక్కు రాష్ట్రములనుండి, పెక్కు భాషలతో వచ్చిన యువజనము కంప్యూటరు కొలువులు చేయుచు నచ్చటి మేడలలోఁ గాపురముండుట యందఱెఱిఁగినదే.

ఈ నగరమున నిజాము ప్రభుత్వకాలపు చట్ట మొకటి యుండెను. 1329 ఫసలీనాఁటి యా చట్టము నపుంసకులుగాఁ బరిగణింపఁబడినవారికిఁ బట్టిక నేర్పఱచి, పట్టికలోనివారు స్త్రీవేషముతో వీథిలోఁ గనఁబడినను, బహిరంగముగా నాడినను వారంటు లేకయే నిర్బంధింపవచ్చునని విధించెను. తెలంగాణ ఉన్నతన్యాయస్థానము 2023వ సంవత్సరము జూలైలో దీనిని రాజ్యాంగవిరుద్ధమని కొట్టివేసెను. అంతకుముందే 2018వ సంవత్సరము సెప్టెంబరు 6వ తేదీని భారత సర్వోన్నతన్యాయస్థానము, వయస్సు వచ్చినవారి పరస్పరసమ్మతితోఁ గూడిన సమలింగసంబంధము నేరము గాదని తీర్పు చెప్పెను. పట్టికలోఁ జేర్పఁబడిన వ్యక్తి కర్మ. పట్టిక వ్రాయువాఁడు కర్త. ఆత్మకథలో నావ్యక్తియే కర్త యగును. ఈ కారకభేదమే యిట్టి సాహిత్యమునకుఁ గల ప్రయోజనము.

ఇఁక శబ్దవిషయము. పాణినీయమున ‘స్త్రియామ్’ (4-1-3) అను నధికారసూత్రముపై భాష్యకారుఁడు లింగ మన నేమి యని విచారించెను. శరీరచిహ్నములే లింగలక్షణ మను పక్షమును మొదటఁ బ్రస్తావించి, అట్లయిన ప్రాణము లేని మంచమునకు స్త్రీలింగమును, చెట్టునకుఁ బుంలింగమును నెట్లు పొసఁగునని దానిని నిరాకరించెను. లింగము లోకవ్యవహారము నాశ్రయించి యుండునదనుట భాష్యమునఁ బలుచోటులఁ గానవచ్చు సిద్ధాంతము. ఇల్లాలను నొక్క యర్థముననే ‘భార్యా’ శబ్దము స్త్రీలింగము, ‘దార’ శబ్దము పుంలింగబహువచనము, ‘కళత్ర’ శబ్దము నపుంసకము. ఒకే గృహిణి మూఁడు లింగములచే వ్యవహరింపఁబడుచుండఁగా, శబ్దలింగమును జూపి మనుష్యుల హృదయమునకు హద్దు గీయుట శాస్త్రసమ్మతము గాదు.

తెలుఁగున నీ విషయము మఱింత స్పష్టము. చిన్నయసూరి బాలవ్యాకరణమున మహత్తు, మహతి, అమహత్తు అను విభాగము సుప్రసిద్ధము. ‘వాఁడు వచ్చినాఁడు’ అనుచోట మహత్తు వేఱుగా నిలుచును. ‘ఆమె వచ్చినది’, ‘ఆవు వచ్చినది’ అనుచోట స్త్రీయుఁ బశువును నేకరూపమునే పొందును. ఆ స్త్రీయే బహువచనమునకు రాఁగా, ‘స్త్రీలు వచ్చిరి’ యని పురుషులతోఁ గలియును. వచనము మాఱిన మాత్రమున వర్గము మాఱు భాషను జేతఁబట్టుకొని లింగము ప్రకృతిసిద్ధము, అచంచలము అని వాదించుట వింతగా నుండును.

అంతేకాదు. లింగమును దెలుపని రూపములు తెలుఁగునఁ గలవు. ‘వచ్చెను’ అను ప్రాచీన భూతకాలరూపము వాఁడు, ఆమె, అది యను మూఁటికిని జెల్లును. ‘తాను’ అను శబ్దమునకు లింగభేదము లేదు. గౌరవార్థమున ‘వారు’ అనునది స్త్రీపురుషుల కిరువురకును సమానము. అన్నిఁటికంటె ముఖ్యము ఉత్తమపురుషము: ‘నేను వచ్చితిని’, ‘నేను ఏడ్చితిని’ యనునప్పుడు పలుకునది స్త్రీయో పురుషుఁడో క్రియ తెలుపదు. హిందీలో నట్లు గాదు. ‘నేను వచ్చితిని’ యనుటకుఁ బురుషుఁడు ‘మైఁ ఆయా’ యనును. స్త్రీ ‘మైఁ ఆయీ’ యనును. ఆ భాషలో నాత్మకథ వ్రాయువారు ప్రథమవాక్యముననే తమ లింగమును నిశ్చయింపవలసియుండును.

అయితే తెలుఁగునను నొక చిక్కు గలదు. క్రియాప్రధానవాక్యమున దాఁగిన లింగము నామప్రధానవాక్యమున బయటఁ బడును. ‘నేను మంచివాఁడను’, ‘నేను మంచిదానను’ అను రెంటిలో నొకదానిని బలుకక తప్పదు. అనఁగాఁ దెలుఁగున నేమి చేసితినో చెప్పుటకు లింగ మక్కఱలేదు; నే నెవఁడనో యెవతెనో చెప్పుటకుఁ గావలెను. ఇట్టి యాత్మకథలకు హృదయస్థానము సరిగా నిదియే.

ఈ దృష్టితోఁ బరిశీలింపఁదగిన గ్రంథము, ఎ. రేవతి యాత్మకథకుఁ బి. సత్యవతి చేసిన యనువాదము, ‘ఒక హిజ్రా ఆత్మకథ’. తమిళమునుండి వి. గీత చేసిన యాంగ్లానువాదము 2010లో వెలువడఁగా, దానినుండి తెలుఁగు చేయఁబడిన యీ గ్రంథమును హైదరాబాదు బుక్ ట్రస్టువారు ప్రకటించిరి. 2019వ సంవత్సరపు సాహిత్య అకాడమీ యనువాద పురస్కారము దీనికి లభించినది. తమిళనాఁటి పల్లెలో మగశిశువని పేర్కొనఁబడి పుట్టి, తన్ను స్త్రీగా నెఱిఁగి, యిల్లు విడిచి, హిజ్రాల సముదాయమును జేరిన వ్యక్తి కథ యిది. బాల్యమునను యౌవనమునను గర్త యొక్కతెయే. లోకము పిలిచిన పిలుపులు మాత్రము వేఱు. ‘నేను’ అను తెలుఁగు సర్వనామ మీ రెండు దశలను నతుకు తెలియకుండఁ గలుపఁగలదు. తమ్ముఁడని పిలువఁబడినవారు చెల్లెలని పిలువఁబడఁగోరునపుడే వాక్యము బరువెక్కును. లింగమును మోయునవి యిందుఁ గ్రియలు గావు, బంధువాచకములు, సంబోధనములు. ఇది తెలుఁగుభాష యీ గ్రంథమునకుఁ జేసిన సహాయము. ఆ సముదాయమున గురువును నాశ్రయించినవారికిఁ ‘జేలా’ యని పేరు. హిందీలో నీ శబ్దము పుంలింగము. ఐనను స్త్రీలుగా జీవించువారికిఁ జెల్లుచున్నది. ‘దార’ శబ్దమున కభ్యంతరము చెప్పని పండితుఁడు దీనికిఁ జెప్పఁబూనుట న్యాయము గాదు.

ఈ యనువాదమున నొక లోపమును జెప్పవలసియున్నది. అది గ్రంథనామమున నున్నది. ఆంగ్లనామము ‘నన్ను గూర్చిన సత్యము’ అను నర్థముతో మొదలయి, హిజ్రా జీవితకథ యను మాటను బిదపఁ జేర్చినది. తెలుఁగునామమున ‘నన్ను’ పోయి ‘ఒక’ మిగిలినది, సత్యశబ్దము లోపించినది, సముదాయనామము ముందునకు వచ్చినది. ఉత్తమపురుషముతో నడచు గ్రంథమునకుఁ బ్రథమపురుషపు శీర్షిక పడినది. పట్టికలోని నామమును గాదని వాక్యములోని కర్తగా నిలిచిన వ్యక్తిని శీర్షిక మరలఁ బట్టికకే చేర్చినట్లయినది. ఇంతటి గ్రంథమున కింతటి కుఱఁత యుండుటచేతనే యిది చెప్పవలసివచ్చినది; లోపలి వచనమునకు దీనివలన హాని లేదు.

రసవిషయమును విచారింపవలెను. రసభంగమున కనౌచిత్యమే కారణమని యానందవర్ధనుని మతము. అనౌచిత్య మెచ్చట నను ప్రశ్నకు విశ్వనాథుఁడు సాహిత్యదర్పణమున స్థలములను లెక్కించెను: ఉపనాయకునియందును, ముని గురుపత్నులయందును, బహునాయకులయందును, ప్రతినాయకునియందును, అధమపాత్రయందును, తిర్యక్కులు మొదలగువానియందును నుండు రతియు, ఉభయనిష్ఠము గాని రతియు. ఈ లెక్కలో సమలింగరతి లేదు. తుది ‘ఆది’ శబ్దముచే దానిని గ్రహింపవచ్చునని పూర్వపక్షి యనవచ్చును. కాని ప్రకారార్థకమైన యాదిశబ్దము సదృశములనే గ్రహించును. వివేకము గలిగి, మాట నిలుపుకొని, విరహమున వేగు మనుష్యులను దిర్యక్కులతో సదృశులనుటకు హేతువు చూపవలెను. హేతువు లేని సాదృశ్యము నింద యగునే గాని లక్షణము గాదు.

ఆ లెక్కలో విమర్శకున కుపయోగించునది ఉభయనిష్ఠత్వము. కన్నడకథకుఁడు వసుధేంద్ర 2013లోఁ బ్రకటించిన ‘మోహనస్వామి’ కథలను దీనితోఁ దూఁచి చూడవలెను. ఈయన బళ్లారి ప్రాంతపు సండూరున జన్మించి, పెక్కేండ్లు సాఫ్టువేరు కొలువు చేసిన రచయిత. మోహనస్వామికిఁ జిరకాలసహచరుఁడైన కార్తీకుఁ డొక స్త్రీని వివాహమాడ నిశ్చయించి యాతని విడుచును. అనురాగ మొకప్పు డుభయనిష్ఠమై, పిదప నొక్కనియందే మిగులును. ఏకనిష్ఠము గావున నాభాసమని యలంకారిక మతమునఁ దోఁచవచ్చును. కాని యిచ్చట ననురాగము లోపించుటకుఁ గారణము పాత్రదోషము గాదు; ఆ యనురాగమున కిల్లు లేకుండఁ జేసిన లోకము. ప్రియుఁడు మరణింపలేదు గనుక కరుణము గాదు; మరల వచ్చు నాశ లేదు గనుక సామాన్యవిప్రలంభమును గాదు. ఈ రెంటినడిమి స్థితిని వర్ణించుటయే యాకథల బలము. ఇట్టి కథకుఁ దెలుఁగునాట నెలవు వెదకినచోఁ గోకాపేటవంటి చోటే తగును: ఊరు విడిచివచ్చిన యువకుఁడు కొలువున గౌరవము పొందుచు, ఇంటినుండి వచ్చు పెండ్లిమాటకుఁ బ్రత్యుత్తర మెఱుఁగక యుండు తావది.

విరాటపర్వమున బృహన్నల గలఁడుగదా, మన సాహిత్యమున నిది నూతనమా యని కొందఱందురు. ఆ వాదమును నిలువదు. తిక్కన చిత్రించిన బృహన్నల యజ్ఞాతవాసమున నర్జునుఁడు కప్పుకొనిన ముసుఁగు. గడువు తీఱఁగనే గాండీవము చేతికి వచ్చును, ముసుఁగు తొలఁగును. అచ్చట సత్యము లోపల నున్న వీరుఁడు. వేషము పైనున్న పేడితనము. రేవతి కథలోఁ బురుషవేషమే ముసుఁగు, స్త్రీత్వమే సత్యము. రెండును దలక్రిందులు. ఇస్మత్ చుగ్తాయి 1942లోఁ బ్రకటించిన ఉర్దూకథకు ‘లిహాఫ్’, అనఁగా దుప్పటి, యని పేరు. స్త్రీలిరువురి సంబంధమును నందులో నొక బాలిక దుప్పటి కదలికగా మాత్రమే చూచును. దానిపై లాహోరున నశ్లీలాభియోగము నడచినది. కథకురాలు నిర్దోషిగా వెలువడెను. దుప్పటికిని, విప్పి పఱచుట యను నర్థము గల ‘లాడ్‌లాడ్’నకును నడుమ సగము శతాబ్దికిఁ బైఁగా గడచినది. అశ్లీలమను ముద్ర గుణనిర్ణయము గాదని తెలుఁగువా రెఱుఁగనివారు గారు. నాగరత్నమ్మ 1910లోఁ బ్రకటించిన ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ నిషేధింపఁబడి, 1947లో నిషేధము తొలఁగఁగా మరల వెలుఁగు చూచినది.

తుదకుఁ బరిభాష. పత్రికలలో వాడుకయగు ‘స్వలింగసంపర్కము’ అను మాట దుష్టము. సంపర్కము చేష్ట, రతి స్థాయిభావము. చేష్టనామముతో భావమును వ్యవహరించుట యలంకారశాస్త్రవిరుద్ధము. శకుంతలాదుష్యంతుల ప్రణయమును ‘భిన్నలింగసంపర్క’ మని యే విమర్శకుఁడును వ్రాయఁడు. ‘సమలింగానురాగము’ అనినచో నర్థమును జెడదు, మర్యాదయుఁ దప్పదు. హిజ్రాలను బేర్కొనుచోఁ దమకుఁ దా మిడుకొనిన నామమునే వాడవలెను; సంజ్ఞకు సంజ్ఞి యంగీకార మావశ్యకము.

శబ్దాక్షేపమును రసాక్షేపమును నిట్లు తొలఁగఁగా, విమర్శకునకు మిగులు పని సామాన్యమైనదే: పాత్ర నిలిచినదా, వాక్యము నడచినదా, వేదన పాఠకునిఁ జేరినదా యని చూచుట. ఏ రచనకైన నింతకంటె నధికమును గాని తక్కువను గాని యడుగఁగూడదు. భాష్యకారుఁడు లింగమును లోకమున కప్పగించెను. ఆ లోకములో నిన్నాళ్లు లెక్కకు రాని వక్తలును లోకమే గావున వారి ప్రయోగమును లక్ష్యముగా గ్రహించుట వైయాకరణునకు విధి.