లవణజలము: లీటర్ల లెక్క చాలునా?

ఉప్పునీటిని మంచినీటిగా మార్చు కర్మాగారములను గూర్చి ఐక్యరాజ్యసమితి విశ్వవిద్యాలయపు జలసంస్థ 2019లో వెలువరించిన పరిశోధన ప్రపంచమంతట చర్చకు వచ్చినది. 15,906 కర్మాగారములు దినమునకు సుమారు 9.5 కోట్ల ఘనమీటర్ల మంచినీటినిచ్చి, 14.15 కోట్ల ఘనమీటర్ల గాఢ లవణజలమును విడిచిపెట్టుచున్నవని దాని సారాంశము. పూర్వపు అంచనాలకంటె ఇది 50 శాతము హెచ్చు. చెదరియున్న సమాచారమునంతయు ఒకచోట చేర్చి లెక్కకట్టుట ప్రశంసింపదగిన కృషియే. కాని ఆ సంఖ్యను సముద్రజీవులకు కలుగు హానికి కొలతగా గ్రహించుట పొరపాటు.

ఒక చిన్న లెక్క వేసి చూతము. లీటరుకు 35 గ్రాముల ఉప్పుగల సముద్రజలము 1000 లీటర్లు తీసికొందము. సన్నని పొరగుండ ఒత్తిడితో వడకట్టు రివర్స్ ఆస్మాసిస్ పద్ధతిలో, ఆ పరిశోధకులు వాడిన నిష్పత్తి ప్రకారము, 420 లీటర్ల మంచినీరు వచ్చును. ఉప్పంతయు మిగిలిన 580 లీటర్లలో చేరి, లీటరుకు 60 గ్రాములగును. కాచి ఆవిరిచేయు పద్ధతిలో 220 లీటర్లే లభించును. మిగిలిన 780 లీటర్లలో ఉప్పు లీటరుకు 45 గ్రాములు మాత్రమే. ఆ నీరు వేడిగా నుండుట, లోహపు గొట్టములనుండి రాగి అందు కలియుట వేరు సమస్యలు. అనగా పరిమాణము హెచ్చినచోట గాఢత తగ్గినది! లీటర్లను కూడినంత మాత్రమున ఈ భేదము తెలియదు.

గాఢ లవణజలము బరువైనది. కలియకున్నచో అడుగునకు దిగి, కదలలేని జీవులను కప్పివేయును. మధ్యధరా సముద్రమునందలి పొసిడోనియా అను గడ్డి, ఉప్పు కొద్దిగా పెరిగినను దెబ్బతినునని స్పెయిన్ దేశపు ప్రయోగములు తెలిపినవి. సిడ్నీలో లవణజలమును వడిగా చిమ్మి సముద్రములో కలిపివేయుదురు. అచ్చటి పరిశోధకులు 2018లో ప్రకటించిన ఫలితములనుబట్టి, మార్పులు గొట్టపు మూతికి సుమారు 100 మీటర్ల లోపలనే కనబడినవి. స్పంజికలు, గొట్టపు పురుగులు తగ్గినవి, బార్నకిల్‌లు పెరిగినవి. అచ్చట ఉప్పు దాదాపు సహజస్థాయిలోనే యుండుటచే, దీనికి కారణము ఉప్పుకంటె నీటివడియే కావచ్చునని వారి అభిప్రాయము. ఉప్పుబాధ తప్పించిన ఉపాయమే వేరొక మార్పు తెచ్చినదన్నమాట.

గాజుపాత్రలోని మంచినీటిలో రంగు కలిపిన ఉప్పునీటిని ఒకసారి అంచువెంట మెల్లగా, మరొకసారి పిచికారీతో వడిగా వదలి, విద్యార్థులు ఈ భేదమును కన్నులార చూడవచ్చును.

కావున కర్మాగారము ఎన్ని లీటర్లు వదలుచున్నదని మాత్రమేగాక, ఎంత గాఢతతో, ఎంత వేడితో, ఏ జీవులున్నచోట, ఎట్లు కలిపి వదలుచున్నదని అడుగవలెను. 2019 నాటి సంఖ్య ఈ ప్రశ్నలకు నాందియేగాని సమాధానము కాదు.