కర్ణుని త్యాగము – నిష్కృతి

కర్ణుడనగానే లోకము దానమును స్మరించును. సహజ కవచకుండలములను కోసి ఇంద్రునకిచ్చిన ఘట్టమే ఆతని యౌన్నత్యమునకు పరమప్రమాణమని పలువురి తలంపు. కాని దానికి మాఱుగా కర్ణుడు ఇంద్రుని శక్తిని కోరి పుచ్చుకొనెను. దానిని అర్జునునికై దాచుకొనెను. అది మహాదానమే, పాపమునకు నిష్కృతి మాత్రము కాదు.

ఆతని పాపము స్వల్పమైనది కాదు. కురుసభలో ద్రౌపదిని నీచముగా నిందించి, ఆమె వస్త్రములనొలువుమని దుశ్శాసనుని పురికొల్పినవాడాతడే.

నిష్కృతి ఉద్యోగపర్వమున మొదలగును. తిక్కన సోమయాజి తెనిగించిన పర్వములలో ఇది మిక్కిలి ప్రసిద్ధము. రాయబారము విఫలమైన పిదప శ్రీకృష్ణుడు జన్మరహస్యమును తెలిపి రాజ్యమును చూపగా, కర్ణుడు మిత్రుని విడువజాలనని దానిని త్రోసిపుచ్చెను. ఆ రహస్యమును ధర్మరాజునకు తెలుపవలదనియు వేడెను. తెలిసినచో ఆతడు రాజ్యమును గ్రహింపడని ఎఱుగును. పిదప కుంతికి, అర్జునుని దక్క తక్కిన నలువురిని చంపనని మాట యిచ్చెను. దీనికి ప్రతిఫలముగా ఏ శక్తిని కోరలేదు. నిజమైన ఆత్మత్యాగమిదియే.

అయినను ఇంతటితో పాత్ర నిర్మలమైనదనుట తొందరపాటు. ఈ మాట యిచ్చిన పిమ్మటనే అభిమన్యుని విల్లు విఱిచినవారిలో కర్ణుడుండెను. మఱునాడు చేజిక్కిన భీముని ప్రాణములతో విడిచెను గాని, నిందింపక విడువలేదు. చేయి మాట నిలుపుకొన్నది, నోరు మాఱలేదు.

తమిళదేశమున తరతరములుగా వసించు మనవారు తెరుక్కూత్తున ‘కర్ణమోక్షము’ నెఱుగుదురు. విల్లిపుత్తూరారు రచించిన తమిళ భారతమున, నేలకొరగిన కర్ణుడు విప్రరూపమున వచ్చిన కృష్ణునకు తన పుణ్యమంతయు ధారపోయును. వ్యాసభారతమున లేని ఈ రమణీయ కల్పన కర్ణుని సర్వదోషముల నుండియు విముక్తుని గావించును. వ్యాసుడు అంత సులభముగ విడువలేదు. మూలమున కర్ణుడు కృష్ణునితో పలికిన పశ్చాత్తాపవాక్యమును సహృదయులు పరికింపవలెను. పాండవులనాడిన పరుషములకు పరితపించుచున్నాననెనే గాని, అందు ద్రౌపది పేరు లేదు.

కావున కర్ణుని త్యాగము తల్లి యెడలను, తమ్ముల యెడలను ఋణము తీర్చినది. యుద్ధానంతరమున కుంతి నిజము వెల్లడింపగా, ధర్మరాజు ఆతనిని అన్నగా తలచి తర్పణము విడిచెను. పాంచాలి ఋణము మాత్రము తీఱలేదు. ఆత్మత్యాగము మనుష్యుని ఉద్ధరింపగలదు. కాని అవమానితురాలి పక్షమున క్షమించు నధికారము దానికి లేదు.