ఖర్చు పెట్టాల్సిన ఇంధనం

భూమిని వదిలి కోట్ల కిలోమీటర్లు వెళ్లిపోయిన వ్యోమనౌక మొరాయిస్తే, విప్పి చూసే మెకానిక్ ఉండడు. విడిభాగం మార్చలేరు, ఇంధనం నింపలేరు. నేల మీదున్నవాళ్లు అది పంపే సంకేతం వినగలరు, దానికి ఆదేశం పంపగలరు, అంతే. ఆ ఆదేశమైనా వెంటనే చేరదు. అంగారకుడి దగ్గరున్న నౌకకు దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. నాసా నౌక వాయేజర్-1కి దాదాపు ఒక రోజు.

ఇలాంటి నౌకల ప్రస్తావన వచ్చినప్పుడల్లా పత్రికల్లో ఒక వాక్యం తిరిగి తిరిగి వస్తుంది. ఇస్రో అంగారకుడి చుట్టూ తిరగడానికి మంగళయాన్‌ను ఆరు నెలలకని పంపితే ఎనిమిదేళ్లు బతికిందట. లెక్క నిజమే గాని, వాక్యం చదివితే అదంతా అదృష్టం పుణ్యమే అనిపిస్తుంది. ఆ ఎనిమిదేళ్లూ రాత్రింబగళ్లు కనిపెట్టుకుని ఉన్నవాళ్లు అందులో కనిపించరు. పైగా ఆరు నెలలంటే మందు సీసా మీది గడువు తేదీ కాదు. అంతకాలం పనిచేసి తీరేలా తయారుచేశామన్న హామీ అది. ఆ తర్వాత ఎంతకాలం నడుస్తుందన్నది మిగిలిన ఇంధనం మీద, బ్యాటరీ మీద, నడిపేవాళ్ల మీద ఆధారపడుతుంది.

మంగళయాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి పీఎస్ఎల్‌వీ-సి25 రాకెట్ మీద బయల్దేరింది. మొత్తం బరువు 1,337 కిలోలైతే అందులో 852 కిలోలు ఇంధనమే. దారిలో దాదాపు మూడు వందల రోజులు ముట్టించకుండా ఉంచిన ప్రధాన ఇంజిన్‌ను 2014 సెప్టెంబర్ 22న నాలుగు సెకన్లపాటు వెలిగించి పరీక్షించారు. రెండు రోజుల తర్వాత అదే ఇంజిన్ దాదాపు ఇరవై మూడు నిమిషాలు మండి నౌకను అంగారకుడి కక్ష్యలో నిలబెట్టింది. అప్పటికి ట్యాంకుల్లో మిగిలింది సుమారు 40 కిలోలు. నౌకతో మాట్లాడింది బెంగళూరు దగ్గరి బ్యాలాలులోని 32 మీటర్ల యాంటెన్నా. ఆ యాంటెన్నా తయారీలో హైదరాబాద్ ఈసీఐఎల్ సంస్థ పాత్ర పెద్దది.

మిగిలిన ఆ 40 కిలోల నుంచి కథను పొదుపు కథగా చెప్పుకోవచ్చు. 1977లో బయల్దేరిన రెండు వాయేజర్ల విషయంలోనూ అలాగే చెబుతారు. వాటికి సూర్యకాంతి చాలదు కాబట్టి ప్లుటోనియం వేడి నుంచి కరెంటు తీస్తారు. బయల్దేరినప్పుడు 470 వాట్లుండేది, ఏటా దాదాపు నాలుగు వాట్ల చొప్పున తగ్గుతోంది. అందుకే హీటర్లు ఆపారు, తర్వాత ఒక్కొక్క పరికరమే ఆపుతూ వచ్చారు. 2025 ఫిబ్రవరిలో వాయేజర్-1 మీద కాస్మిక్ కిరణాల పరికరాన్ని, మార్చిలో వాయేజర్-2 మీద విద్యుదావేశ కణాలను కొలిచే పరికరాన్ని ఆపేశారు. దాచుకున్నవాడిదే ఆయుష్షు అన్నది ఈ వాదన.

పొదుపుకు తోడు ఇంకొకటి కావాలి. పాత కాగితం. 2023 నవంబర్‌లో వాయేజర్-1 నుంచి అర్థంలేని అంకెలు రావడం మొదలైంది. సమాచారాన్ని కూర్చి పంపే కంప్యూటర్‌లో లోపమని తేలింది గాని, ఎక్కడో తెలియలేదు. 2024 మార్చిలో దాన్ని కదిలించే ఆదేశం ఒకటి పంపితే, వచ్చిన జవాబులో ఆ కంప్యూటర్ జ్ఞాపకం మొత్తం ఉంది. ముందెప్పుడో తెప్పించుకున్న నకలుతో దాన్ని పోల్చి చూశారు. ఒక చిప్ చెడి జ్ఞాపకంలో మూడు శాతం పోయిందని బయటపడింది. చెడిన చోట ఉన్న ప్రోగ్రామును మరో చోటికి మార్చాలి. కానీ అంతా పట్టే ఖాళీ ఎక్కడా ఒకేచోట లేదు. ముక్కలు చేసి, దొరికిన సందుల్లో సర్ది, ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకు దారి సరిచేసి ఏప్రిల్‌లో పంపారు. కబురు వెళ్లడానికి ఇరవై రెండు గంటలకు పైగా, జవాబు రావడానికి మళ్లీ అంత. నౌక మళ్లీ అర్థమయ్యే మాట మాట్లాడింది. ఈ పని చేసినవారిలో కొందరు నౌక బయల్దేరేనాటికి పుట్టి ఉండరు. యంత్రాన్ని కట్టినవాళ్లలో చాలామంది రిటైరయ్యారు, కొందరు లేరు. వాళ్లు రాసి పెట్టిన కాగితాలే దిక్కయ్యాయి.

కాగితం దాచడమంటే ఏమిటో వేటపాలెంలో తెలుస్తుంది. అక్కడి సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో పుట్టింది. 1929లో దాని భవనానికి గాంధీజీ శంకుస్థాపన చేశారు. చీరాల పక్కన చేనేత ఊళ్లో, దేశం నలుమూలల నుంచి పరిశోధకులు వెతుక్కుంటూ వచ్చే పాత తెలుగు పత్రికలు సంపుటాలుగా ఉన్నాయి. వార్తాపత్రిక కాగితం చవకరకం చెక్కగుజ్జుతో చేసింది, అందులోని లిగ్నిన్ వల్ల వెలుతురుకూ గాలికీ పసుపు తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. సంపుటి తెరిచిన ప్రతిసారీ అంచుల నుంచి పొలుసులు రాలతాయి. మూల మడత పడిందంటే అక్కడ అక్షరాలు పోయినట్టే. తెరవకుండా ఉంచితే ఎక్కువకాలం నిలుస్తుంది. కానీ వందేళ్ల కిందటి ఒక ప్రకటన కోసమో, ఒక కథ మొదటి అచ్చు కోసమో వచ్చినవాడికి తెరిచి ఇవ్వకపోతే ఆ సంపుటి ఉండీ లేనట్టే. అందుకే అక్కడివాళ్లు అడిగినవాడికి తెరిచి ఇస్తూ వచ్చారు. ఇచ్చిన ప్రతిసారీ కొంత నష్టమని తెలిసే ఇచ్చారు.

పొదుపు వాదన ఇక్కడే ఆగిపోతుంది. మంగళయాన్ విషయంలోనూ అది సరిపోదు. దాని కక్ష్య బాగా సాగిన కోడిగుడ్డు ఆకారం. దగ్గర కొస అంగారకుడికి నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు, దూరపు కొస దాదాపు 77 వేల కిలోమీటర్లు. దూరపు కొసలో నౌక నెమ్మదిగా కదులుతుంది. గ్రహం నీడ ఆ వైపు పడితే దాటడానికి గంటలు పడుతుంది. బ్యాటరీ తట్టుకోగలిగింది సుమారు గంటా నలభై నిమిషాల గ్రహణాన్ని. 2017లో ఎనిమిది గంటల దాకా సాగే గ్రహణాలు రాబోతున్నాయని లెక్క తేలింది. చేతిలో ఉన్న కాస్త ఇంధనాన్నీ దాచుకుంటే నౌక చీకట్లో గడ్డకట్టి పోతుంది. ఆ ఏడాది జనవరి 17న చిన్న థ్రస్టర్లను 431 సెకన్లు మండించి, సుమారు 20 కిలోలు ఖర్చు చేసి కక్ష్యను జరిపారు. తర్వాతి ఐదేళ్లను కొన్నది ఆ 20 కిలోలే. 2022 ఏప్రిల్‌లో మళ్లీ దీర్ఘ గ్రహణాలు ముంచుకొచ్చాయి. ఈసారి తప్పించడానికి ట్యాంకులో చాలినంత లేదు. సంబంధం తెగింది. తిరిగి రప్పించలేమని ఆ ఏడాది అక్టోబర్ మొదట్లో ఇస్రో ప్రకటించింది.

2017లో కాస్త తక్కువ మండించి ఉంటే 2022కు మిగిలేది కదా అని అడగవచ్చు. అప్పుడు 2017లోనే పోయేది. వాయేజర్ బృందమూ ఇలాంటి సాహసాలే చేసింది. 1980 నవంబర్ నుంచి వాడని థ్రస్టర్లను 2017లో వెలిగించి చూశారు. 2004లో చనిపోయాయనుకున్నవాటిని 2025లో మళ్లీ పనిచేయించారు. తాకకుండా ఉంచడమే క్షేమమని ఊరుకుని ఉంటే ఆ రెండూ జరిగేవి కావు.

ఎంత తెగించినా దక్కని సందర్భాలూ ఉన్నాయి. చంద్రయాన్-1 రెండేళ్లకని 2008 అక్టోబర్ 22న వెళ్లింది. దిశ చూపే నక్షత్ర సెన్సర్లు చెడితే గైరోస్కోపుల సాయంతో నెట్టుకొచ్చారు. 2009 మేలో కక్ష్యను వంద నుంచి రెండు వందల కిలోమీటర్లకు పెంచారు. అయినా ఆగస్టు 29న, 312వ రోజున, గొంతు మూగబోయింది. అది ఇంకా చంద్రుడి చుట్టూ తిరుగుతూనే ఉందని 2017లో నాసా రాడార్ పరిశీలకులు ప్రకటించారు.

దీనికి భిన్నంగా, 2019లో వెళ్లిన చంద్రయాన్-2 ఆర్బిటర్‌ను ఏడాదికని అనుకున్నారు. ప్రయోగం కచ్చితంగా సాగి ఇంధనం మిగలడంతో దాదాపు ఏడేళ్లు నడుస్తుందని ఇస్రో అప్పుడే చెప్పింది. నౌక ఎంతకాలం నడిచినా చివరికి మిగిలేది దాని కాగితమే. మంగళయాన్ పంపిన శాస్త్ర సమాచారం బ్యాలాలు కేంద్రం ద్వారా పరిశోధకులకు అందుతోంది. ఏ రోజు ఏ లోపం కనిపించింది, ఎవరు ఏ ఆదేశం ఎందుకు పంపారు, 2017 జనవరి ముందు ఏ ప్రత్యామ్నాయాలు చర్చకు వచ్చాయి అన్న నిర్వహణ చరిత్ర కూడా పుస్తకంగా, తెలుగులోనూ రావాలి. దాని ఒక ప్రతి వేటపాలెం బీరువాలో ఉండాలి, అడిగిన విద్యార్థికి తెరిచి ఇవ్వాలి.